డౌన్‌లోడ్ల లెక్క పేరుతో ఉత్త అంకెలు అమ్ముతున్నారు, జాగ్రత్త

విజయనగరంలో వెబ్‌సైట్ చేయించుకోవాలనుకునేవాళ్ళు ఇది చదివాకే అడ్వాన్సు చేతిలో పెట్టండి. పేరు రాయను. ఈ ఊళ్ళో సైట్ల కోసం నలుగురిని వాకబు చేసినవాళ్ళకు ఎవరో ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. "తక్కువలో చేస్తాడు, మాట మెత్తన" అని నాకూ అలాగే చెప్పారు. మాట మెత్తనే, దాంట్లో అబద్ధం లేదు.

మాది హరికథలు, జముకుల కథల రికార్డింగుల సైట్. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఏ కథను ఎంతమంది దించుకున్నారో తెలియాలి, ఆ లెక్క సర్వర్‌లోనే, అంటే ఫైళ్ళను పంపే కంప్యూటర్‌లోనే పడాలి అని మొదటే చెప్పాను. సైట్ పేజీ తెరిస్తేనే బ్రౌజర్‌లో పడే లెక్క మాకు పనికిరాదు. మా శ్రోతలు ఆడియో లింకునే వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకుంటారు, సైట్ ముఖం కూడా చూడరు. "అంతా పీహెచ్‌పీలో రాస్తాను మాస్టారూ, ఒక్కటి కూడా తప్పిపోదు" అన్నాడు. పీహెచ్‌పీ అంటే సర్వర్‌లో నడిచే కోడ్ రాసే భాష. దానికి వేరే బిల్లు. కట్టాను.

నిజమే, ఒక్కటీ తప్పిపోలేదు. లేనివి కూడా వచ్చి చేరాయి.

గంటసేపటి హరికథ ఒకదాని పక్కన అంకె పన్నెండు వేలు దాటింది. 1919లోనే సంగీత కళాశాల వెలసిన ఊరు, ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి ప్రిన్సిపాల్‌గా ఉన్న ఊరు, ఇక్కడి హరికథకు ఆ మాత్రం గిరాకీ ఉండదా అని మురిసిపోయాను. ఆ కథ చెప్పిన దాసుగారిది చీపురుపల్లి వైపు పల్లె, వయసు ఎనభై దాటింది. ఆయనకు ఫోను చేసి మరీ చెప్పాను. మనవళ్ళను పిలిచి, వాళ్ళ ముందు ఆ అంకెను మళ్ళీ నా చేత చెప్పించుకున్నారు.

గుట్టు హోస్టింగ్ ఖాతాలో, అంటే సైట్ ఉంచడానికి అద్దెకు తీసుకున్న చోటు లెక్కల్లో బయటపడింది. 128 కేబీపీఎస్‌లో గంట నిడివి ఎంపీ3 అంటే సుమారు 58 ఎంబీ. పన్నెండు వేలమంది దించుకుంటే ఆ ఒక్క ఫైలుకే 700 జీబీ దాకా డేటా ఖర్చు కావాలి. సైట్ మొదలైనప్పటి నుంచి ఫైళ్ళన్నిటికీ కలిపి ఖర్చయింది 11 జీబీ. గంట కథల లెక్కన చూస్తే అన్నీ కలిపినా రెండు వందల డౌన్‌లోడ్లు కావు.

మా మేనల్లుడు కోడ్ తెరిచి చూశాడు. డౌన్‌లోడ్ నొక్కితే నడిచే ఫైలులో లెక్క రాసుకునే వరుసే లేదు. లెక్కంతా కథల పేజీలో ఉంది. ఎవరు పేజీ తెరిచినా సరే, ఏమీ దించుకోకపోయినా సరే, 3 నుంచి 9 లోపు తోచిన అంకె ఒకటి పాతదానికి కలుపు అని రాసి ఉంది. సైట్లన్నీ తిరిగి చూసే గూగుల్ ప్రోగ్రామ్, అదే గూగుల్ బాట్, వచ్చి తొంగిచూసి వెళ్ళినా మా హరికథకు శ్రోతలు పెరుగుతారన్నమాట!

ఆ వరుసను అచ్చు తీయించి అతని ఆఫీసుకు పట్టుకెళ్ళాను. కనీసం తడబడతాడనుకున్నాను. కుర్చీలోంచి కదలకుండా కాగితం చూసి, "సున్నాలు కనబడితే మీకే బాగుండదని పెట్టాను మాస్టారూ. అందరికీ ఇలాగే పెడతాను, ఇంతవరకు ఎవరూ అడగలేదు" అన్నాడు. నాకేదో ఉపకారం చేసినట్టు ఉంది ఆ స్వరం. "మరి దాసుగారికి ఏమని చెప్పమంటావు బాబూ?" అన్నాను. "ఆయన కోడ్ చదువుతారా ఏమిటి?" అని నవ్వాడు. పక్క టేబుల్ దగ్గరి కుర్రవాడు కూడా నవ్వాడు.

ఆయన చదవలేరు, నేనూ చదవలేను. చదవడం వచ్చినవాడివనే కదా నీకు డబ్బిచ్చింది! ఈ మాట అక్కడ తోచలేదు, ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతుంటే తోచింది.

ఇంకొకటి ఉంది. పంపవలసిన ఫైలు పేరును లింకులో ఎలా ఉంటే అలా తీసుకుంటోంది ఆ కోడ్. ఎంపీ3 పేరు ఉండవలసిన చోట రెండు చుక్కలు, ఒక వాలు గీత (../) పెట్టి, పై ఫోల్డరులోని సెట్టింగుల ఫైలు పేరు రాశాడు మేనల్లుడు. డేటాబేస్ పాస్‌వర్డ్‌తో సహా అది నిక్షేపంగా దిగింది. కథ వినడానికి వచ్చినవాడి చేతిలో ఇంటి తాళంచెవి పెట్టి పంపినట్టే. దాన్ని సరిచేయడానికి మళ్ళీ బిల్లట!

చేయించుకునేవాళ్ళు డబ్బంతా ఇచ్చే ముందు మీరే ఒక ఫైలు దించి చూడండి, అంకె సరిగ్గా ఒకటే పెరగాలి. తర్వాత ఊరికే పేజీ తెరిచి మూయండి, అప్పుడు పెరగకూడదు. లింకులో ఫైలు పేరు కాకుండా నంబరు పెట్టమనండి. ప్రతి డౌన్‌లోడ్‌కూ సమయం, ఐపీ చిరునామా, బ్రౌజర్ పేరు డేటాబేస్‌లో పడాలి, అప్పుడే బాట్లను ఏరి తీసేయవచ్చు. వచ్చిన ప్రతి అభ్యర్థననూ సర్వర్ తనంతట రాసుకునే చిట్టా, అదే సర్వర్ లాగ్, దానితో కూడా పోల్చి చూసుకోండి. కానీ ఫోనులో వింటున్నప్పుడు ప్లేయర్ ఫైలును ముక్కలుగా అడగవచ్చు, లాగ్‌లో 206 అని కనిపించేవి అవే. ఒక్కరు విన్నా అలాంటివి చాలా పడతాయి, వాటన్నిటినీ డౌన్‌లోడ్లని లెక్కవేయకండి.

డొమైన్, అంటే సైట్ చిరునామా, ఎవరి పేరు మీద కొన్నారో కూడా అడగండి. మాది అతని ఖాతాలోనే ఉంది. మార్చమంటే, "చూద్దాం మాస్టారూ" అంటున్నాడు.