పెళ్లి ఫుటేజీకి రోబోకాపీ: రెండేళ్లు వాడాక

తెనాలిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. ఒక్కో పెళ్లికి మూడు కెమెరాలు, ఒక డ్రోన్, అన్నీ కలిపి మూడు నాలుగొందల జీబీ. రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కాకే మెమరీ కార్డులు ఫార్మాట్ చేస్తాం. జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టించలేం కదా.

మొదట్లో ఫోల్డర్‌ని పట్టుకుని లాగి అవతల వదిలేసేవాణ్ణి. రెండేళ్ల కిందట శ్రావణ మాసంలో, కాపీ సగంలో ఉండగా నా మోచెయ్యి తగిలి కేబుల్ ఊడింది. ఏ క్లిప్పులు వెళ్లాయో, ఏవి వెళ్లలేదో తేల్చేసరికి రాత్రి రెండైంది. ఆ టెన్షన్ తర్వాతే, ఫైళ్లను కాపీ చేసే రోబోకాపీ అనే విండోస్ కమాండ్ నేర్చుకున్నాను.

దీన్ని డౌన్‌లోడ్ చేయక్కర్లేదు, విస్టా అనే పాత వెర్షన్ నుంచీ విండోస్‌లోనే ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) రోబోకాపీ అని కొట్టి, ఎక్కణ్ణుంచి ఎక్కడికో రెండు ఫోల్డర్లూ చెప్పాలి. లోపలి ఫోల్డర్లు కూడా రావాలంటే చివర్లో స్లాష్ ఈ (/E) అని చేర్చాలి. మధ్యలో ఆగిపోతే అదే కమాండ్ మళ్లీ కొడితే చాలు: సైజు, టైమ్ కలిసిన ఫైళ్లను వదిలేసి మిగతావే కాపీ చేస్తుంది. స్లాష్ జెడ్ ఇస్తే సగం వెళ్లిన పెద్ద క్లిప్పు కూడా ఆగిన చోటి నుంచే అందుకుంటుంది. వేగం కాస్త తగ్గుతుంది, అందుకే నెట్‌వర్క్ మీద పంపేటప్పుడే వాడతాను.

చివర్లో వచ్చే పట్టిక నాకు ప్రాణం. ఎన్ని కాపీ అయ్యాయి, ఎన్ని వదిలేసింది, ఎన్ని ఫెయిలయ్యాయి, అన్నీ ఉంటాయి. ఫెయిల్డ్ కింద సున్నా కనిపించాలి. అయితే క్లిప్పు లోపలి డేటాని ఇది సరిపోల్చదు కాబట్టి నాలుగైదు క్లిప్పులు తెరిచి చూసుకుంటాను.

ఒక ఫైలు చదవలేకపోతే, మనం ఏమీ చెప్పకుండా వదిలేస్తే, 30 సెకన్లకోసారి 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది! అందుకే స్లాష్ ఆర్ కోలన్ 2 (రెండుసార్లే మళ్లీ ప్రయత్నించమని), స్లాష్ డబ్ల్యూ కోలన్ 5 (మధ్యలో 5 సెకన్లే ఆగమని) తప్పకుండా ఇవ్వండి. ఇక స్లాష్ ఎంఐఆర్‌తో చాలా జాగ్రత్త. ఇవతల లేని ఫైళ్లను అవతల కూడా తీసేస్తుంది. ఖాళీ కార్డు పెట్టి అది కొడితే అవతలి ఫోల్డర్‌లోని పెళ్లంతా పోయినట్టే. మా స్టూడియోలో కొత్తగా చేరిన తమ్ముడికి ముందు స్లాష్ ఎల్ నేర్పాను. ఏం చేయబోతోందో చూపిస్తుందే తప్ప ఫైళ్లను ముట్టుకోదు.

ఇప్పుడు కమాండ్ మొత్తం ఒక బ్యాచ్ ఫైల్లో రాసి డెస్క్‌టాప్ మీద పెట్టాను. కార్డు పెట్టి, దాన్ని డబుల్ క్లిక్ చేసి భోజనానికి వెళ్తున్నాం.