ఎంట్రెజ్ హిస్టరీ సదుపాయం: జయపురం నుంచి ఒక సమీక్ష

కోరాపుట్ జిల్లా జయపురం చుట్టుపక్కల దేశవాళీ వరి రకాలపై పనిచేసే మాలాంటివారికి, అమెరికాలోని జీవసాంకేతిక సమాచార కేంద్రం ఎన్‌సీబీఐ ఉచితంగా అందించే ఎంట్రెజ్ డేటాబేస్‌లు (జన్యు వివరాలు, పరిశోధన వ్యాసాల నిధులు) లేనిదే పని సాగదు. వాటిని పైథాన్ కోడ్ ద్వారా వాడేవారికి ఆ సంస్థ కల్పించిన ‘హిస్టరీ’ (వెతుకులాట ఫలితాలను కొంతకాలం సర్వర్‌లోనే ఉంచే సదుపాయం) గురించే ఈ సమీక్ష. నెట్ నిలకడగా ఉండని ఊళ్లలో ఇది ఎంతో విలువైన సదుపాయమని నా గట్టి అభిప్రాయం. అయితే ఫలితాలను దాచుకునే చోటుగా మాత్రం దీన్ని నమ్ముకోకూడదు.

జీవశాస్త్ర పనులకు వాడే పైథాన్ లైబ్రరీ బయోపైథాన్‌లో, వెతికే ఆదేశమైన ఈసెర్చ్‌ను పిలిచేటప్పుడు యూజ్‌హిస్టరీ అనే ఐచ్ఛికానికి ‘వై’ అని ఇస్తే, దొరికిన రికార్డుల ఐడీలు అక్కడి సర్వర్‌లోనే నిలిచి ఉంటాయి. మనకు వెబ్‌ఎన్వ్ అనే పొడవాటి అక్షరాల వరుస, క్వెరీ కీ అనే చిన్న అంకె అందుతాయి. ఆ రెండింటినీ రికార్డులను తెచ్చే ఆదేశమైన ఈఫెచ్‌కు ఇచ్చి, ఎన్నో రికార్డు నుంచి మొదలుపెట్టాలో చెప్పే రెట్‌స్టార్ట్ విలువను పెంచుకుంటూ పోతే, వేల ఐడీలను తిరిగి పంపే పని లేకుండానే సీక్వెన్సులను (డీఎన్‌ఏ అక్షరాల వరుసలను) విడతలుగా దించుకోవచ్చు. అడవి వరి ఒరైజా నివారా కోసం ఒక వెతుకులాట, మొక్కల జాతులను గుర్తించడానికి వాడే మ్యాట్‌కే జన్యువు కోసం మరొకటి అదే వెబ్‌ఎన్వ్‌తో నడిపితే, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న రికార్డులను క్వెరీ కీల సాయంతోనే అడగవచ్చు.

వానాకాలంలో ఇక్కడ కరెంటు, నెట్ ఎప్పుడు పోతాయో చెప్పలేం. డౌన్‌లోడ్ మధ్యలో తెగినప్పుడు ఫాస్టా ఫైలు (సీక్వెన్సులను మామూలు అక్షరాల్లో రాసే ఫైలు) చివరి సీక్వెన్సు సగంలో ఆగిపోతుంది, కానీ ఫైలు చూడటానికి మామూలుగానే ఉంటుంది. అందుకే ప్రతి విడతనూ వేరే ఫైలులో రాసుకుని, ‘>’ గుర్తుతో మొదలయ్యే వరుసలను లెక్కపెట్టి, చివరి రికార్డు పూర్తిగా వచ్చిందో లేదో కూడా చూడాలి. తేడా వస్తే ఆ విడతను మాత్రమే మళ్లీ తెచ్చుకుంటే చాలు.

సెకనుకు మూడు అభ్యర్థనలు, ఏపీఐ కీ (ఎన్‌సీబీఐ ఖాతాదారులకు ఇచ్చే గుర్తింపు సంకేతం) ఉంటే పది అన్న పరిమితి మా పనులకు సరిపోతుంది. పెద్ద పనులను వారాంతాల్లో గానీ, మిగతా రోజుల్లో అమెరికా తూర్పు తీర కాలమానం ప్రకారం రాత్రి 9 నుంచి ఉదయం 5 లోపు గానీ చేసుకోమని ఎన్‌సీబీఐ కోరుతుంది. అక్కడి వేసవి వేళల్లో అది మనకు ఉదయం 6.30 నుంచి మధ్యాహ్నం 2.30 వరకు, చలికాలంలో ఒక గంట ఆలస్యంగా. అంటే మన కాలేజీ ల్యాబులు తెరిచి ఉండే సమయమే.

ఇక లోపం. ఈ సెషన్ తాత్కాలికం. వైద్య, జీవశాస్త్ర వ్యాసాలను వెతికే ఎన్‌సీబీఐ వారి పబ్‌మెడ్ వెబ్‌సైట్‌లోనైతే ఎనిమిది గంటలు వాడకపోతే హిస్టరీ చెరిగిపోతుంది. కోడ్‌లో దాచుకున్న వెబ్‌ఎన్వ్ కూడా వారం తర్వాత పనికొస్తుందని అనుకోకూడదు. పైగా ఎన్‌సీబీఐ సీక్వెన్సుల డేటాబేస్ జెన్‌బ్యాంక్‌లో కొత్త రికార్డులు రోజూ చేరుతుంటాయి కనుక, అదే ప్రశ్నకు వచ్చే నెల అదే సంఖ్య రాకపోవచ్చు. ప్రశ్న, తేదీ, మొత్తం సంఖ్యలతోపాటు ఈసెర్చ్ ఇచ్చే క్వెరీ ట్రాన్స్‌లేషన్‌ను కూడా సొంత ఫైలులో రాసి పెట్టుకోవాలి. మనం టైపు చేసిన మాటలను సర్వర్ ఎలా విడదీసి, ఏయే ఫీల్డులలో వెతికిందో తెలిపేది అదే. థీసిస్‌లో పద్ధతుల అధ్యాయం రాసేటప్పుడు పరీక్షకులు అడిగేదీ అదే కాబట్టి, పర్లాకిమిడి, రాయగడ, బరంపురం కాలేజీల్లో ప్రాజెక్టులు చేసే మన విద్యార్థులు దీన్ని మొదటిరోజు నుంచే అలవాటు చేసుకోవాలని కోరుతున్నాను.

ఐడీల జాబితా ముందే చేతిలో ఉన్నవారు ఈపోస్ట్‌తో దాన్ని నేరుగా హిస్టరీలోకి ఎక్కించి, మిగతా పనంతా ఇదే పద్ధతిలో చేసుకోవచ్చు.