జాగ్రత్త: డీహైడ్రేటర్ డయల్ మీది అంకె వేరు, ట్రేలో వేడి వేరు

కూరగాయ ముక్కలు, ఆకులు వేడిగాలితో ఎండబెట్టే ఐదు ట్రేల గుండ్రటి ప్లాస్టిక్ డీహైడ్రేటర్ మేం కొన్నది. డయల్ 55 మీద పెడితే అడుగు ట్రేలో 72 డిగ్రీలు, పై ట్రేలో 46. అడిగితే షాపువాళ్లు "ఇవన్నీ ఇంతేనండి, ట్రేలు మారుస్తుండాలి" అని సర్దిచెప్పారు. రిటర్న్ గడువు అప్పటికే అయిపోయింది. విజయవాడలో, గుంటూరులో ఇలాంటిది కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు గడువు ఉండగానే కొలిచి చూసుకోండి.

షాపువాళ్ల మాటలో సగం నిజమే. హీటరు, ఫ్యాను అడుగున ఉంటాయి. గాలి పైకి పోయేకొద్దీ చల్లబడుతుంది, తేమ పట్టుకుంటుంది. అందుకని 5, 6 డిగ్రీల తేడా మామూలే, రెండు గంటలకోసారి కింది ట్రే పైకి మారిస్తే సరిపోతుంది. 26 డిగ్రీల తేడా మాత్రం ట్రేలు మార్చినా పోదు.

దీనివల్ల నష్టం ఏమిటంటే, టమాటాకి 57 డిగ్రీల చుట్టుపక్కల వేడి కావాలి. మొదట్లోనే 70 దాటితే ముక్క పైపొర బిగుసుకుపోయి, లోపలి నీరు బయటికి రాదు. చేత్తో పట్టుకుంటే గలగలలాడుతుంది, ఎండిందనుకుని సీసాలో పోస్తాం, కొన్నాళ్లకి బూజు. పై ట్రేలో దీనికి తలకిందులు: వేడి చాలక గంటలకొద్దీ తడిగా ఉండి ముక్క పులిసిపోతుంది. కరివేపాకు, మునగాకు అయితే 40 డిగ్రీలు చాలు. 72లో పెడితే రంగూ పోతుంది, వాసనా పోతుంది.

కొలవడం కష్టమేం కాదు. వంటకు వాడే ప్రోబ్ థర్మామీటరు (సూదిలాంటి మొన ఉండేది) ఒకటి చాలు. మెషీన్ని ఖాళీగా 55 మీద గంటసేపు తిప్పి, అడుగు, నడిమి, పై ట్రేల్లో ఒక్కోచోట అరగంట గమనించండి. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ హీటరుని ఆపుతూ వెలిగిస్తూ ఉంటుంది కాబట్టి ఒక్కసారి చూసిన అంకెను నమ్మకండి. ఎక్కువ, తక్కువ రెండూ రాసుకోండి, డయల్, థర్మామీటరు రెండూ కనపడేలా వీడియో తీయండి. ట్రేకి ట్రేకి 10 డిగ్రీలు దాటిందా, వెనక్కి పంపేయండి.

పెట్టె మీద రాసిన వాట్లు నిజమో కాదో కూడా తేల్చుకోవచ్చు. ఇంట్లో మిగతావన్నీ ఆపేసి, చల్లగా ఉన్న మెషీన్ని ఫుల్లు వేడి మీద ఆన్ చేసి, కరెంటు మీటరు మీద ఎర్ర లైటు నిమిషానికి ఎన్నిసార్లు మిణుకుతుందో లెక్కపెట్టండి. మీటరు మీద యూనిట్‌కి 3200 మిణుకులు (3200 imp/kWh) అని ఉంటే, 400 వాట్ల మెషీన్‌కి నిమిషానికి 21 రావాలి. 10 మాత్రమే వచ్చిందంటే లోపల ఉన్నది 200 వాట్లు కూడా కాదు. వానాకాలంలో అది ఎందుకూ పనికిరాదు, ఎందుకంటే మెషీన్ పీల్చేది మన వంటింటి తేమగాలినే. (అన్నం ఉడికే పొయ్యి పక్కన అసలు పెట్టకండి.)

ఇంకొకటి అడగాలి: ఫ్యాను ఆగిపోతే హీటరు తనంతట తాను ఆగుతుందా? వేడి మితిమీరితే కరెంటు ఆపే కటాఫ్ లేని మెషీన్‌లో అడుగు ట్రే కరిగిపోవచ్చు. మాన్యువల్‌లో దాని ప్రస్తావన లేకపోయినా, టైమరు లేకపోయినా రాత్రంతా వదిలి పడుకునే పని పెట్టుకోకండి.

ఎండిందో లేదో తూకం చెబుతుంది. టమాటాలో సుమారు 94 శాతం నీరే. కిలో ముక్కలు 60 నుంచి 80 గ్రాములకు దిగాలి. 150 దగ్గర ఆగితే నీరు ఇంకా ఉన్నట్టే. దించాక చల్లారనిచ్చి, గాజు సీసాలో మూడింట రెండొంతులు నింపి, వారం పది రోజులు రోజూ ఒకసారి కుదపండి. సీసా లోపలి గోడకి చెమ్మ కనపడితే ముక్కలు మళ్లీ ట్రేలోకి. బూజు కనపడితే మాత్రం పైపైన తీసేసి వాడొద్దు, సీసా మొత్తం పారేయాలి. మిరపకాయల్లో, వేరుశనగల్లో బూజు వల్ల వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం వండినా పోదు.

చల్లమిరపకాయలకీ వడియాలకీ అయితే ఈ మెషీనే దండగ. ఏప్రిల్, మే నెలల్లో మన మేడ మీద ఎండ చాలదూ?

ఆన్‌లైన్‌లో కొంటే ఏ దేశంలో తయారైంది, రిటర్న్ షరతులేమిటి అన్నవి అమ్మేవాళ్లు చూపించి తీరాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. ఆ పేజీ స్క్రీన్‌షాట్, బిల్లు దాచుకోండి. పెట్టె విప్పేటప్పుడే వీడియో తీసుకోండి. అమ్మినవాళ్లు మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. షాపు ఎక్కడున్నా మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు.