మొదళ్లు ఇరవై మూడు, పూర్తి పాటలు మూడున్నర

మొన్న సంక్రాంతికి మా తమ్ముడు వచ్చాడు. గోడకి వేలాడుతున్న గిటార్ చూసి "అన్నయ్యా, ఐదేళ్ల నుంచి నేర్చుకుంటున్నావు కదా, ఒక పాట మొత్తం వాయించు" అన్నాడు. స్టెయిర్‌వే టు హెవెన్ అందుకుని ఒక నిమిషం వాయించి ఆపాను. తర్వాత? అన్నాడు. తర్వాత రాదు. పోనీ ఇంకోటి అన్నాడు. స్వీట్ చైల్డ్ ఓ మైన్ మొదట్లో వచ్చే ఆ మెలిక వాయించి ఆపాను. వాడు నవ్వలేదు కానీ అదోలా చూశాడు. ఆ రాత్రి నా నోటుపుస్తకం తీసి లెక్క వేస్తే, మొదలు మాత్రమే వచ్చిన పాటలు 23, పూర్తిగా వచ్చినవి మూడున్నర. ఆ అర ఏంటో చివర్లో చెప్తా.

2020 లాక్‌డౌన్‌లో మొదలుపెట్టాను. అప్పటి నుంచి పాత రాక్ పాటలన్నీ వీడియోలు చూసి నేర్చుకున్నవే, ఏ మాస్టారి దగ్గరా కూర్చోలేదు. ఉచితంగా దొరికేవీ చూశాను, డబ్బు కట్టి యాప్ కూడా వాడాను. ఎవరైనా ఇదే దారిలో వెళ్దామనుకుంటే ఏది పనికొచ్చిందో, ఎక్కడ కాలం తగలేశానో తెలుస్తుందని రాస్తున్నా.

మొదట మంచి మాట. ఓనమాల దగ్గర జస్టిన్ గిటార్ అంత పద్ధతిగా ఇంకెవరూ నాకు కనిపించలేదు. జస్టిన్ శాండర్‌కో అని, ఆస్ట్రేలియాలో టాస్మేనియా మనిషి. మొదటి పాఠాలన్నీ ఉచితం. ఏ, డి, ఈ అనే మూడు కార్డ్‌లతో, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగేలా వేళ్లు పెట్టే పట్టులతో మొదలవుతుంది. ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డ్‌కి ఒక్క నిమిషంలో ఎన్నిసార్లు మారగలవో లెక్కపెట్టి రాసుకో, 60 వచ్చేదాకా రోజూ చెయ్యి అంటాడు. మొదటి రోజు నాకు 11 వచ్చింది. ఎక్కాలు వల్లె వేసినట్టు రెండు నెలలు అదే పని. ఇంట్లో అందరికీ విసుగొచ్చింది, నాకు మాత్రం 60 వచ్చింది. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే నా చేతిలో నిజంగా నిలబడ్డ విద్య ఆ రెండు నెలలదే. మార్టీ మ్యూజిక్ అని మార్టీ ష్వార్ట్జ్ ఛానల్ ఇంకో తరహా. పాటని తేలిక చేసి, పది పదిహేను నిమిషాల్లో ఏదో ఒకటి మోగించేలా చేస్తాడు. ఆఫీసులో బుర్ర వేడెక్కిన రోజు సాయంత్రం ఆయన వీడియోకి వెళ్తాను. తప్పు లేదు, కాకపోతే నా 23లో సగం ఆ సాయంత్రాల పంటే.

ఎందుకంటే పాట పాఠం అనేది ఎప్పుడూ ఒకే అచ్చులో ఉంటుంది. జనం వెతికేది రిఫ్ కోసం, అంటే పాట మొదట్లో అందరికీ గుర్తుండే ఆ ముక్క కోసం. కాబట్టి వీడియోలో సగం దానికే పోతుంది. తర్వాత చరణానికి ఈ కార్డ్‌లు, ఇక్కడ కొంచెం మారుతుంది, మీరు పట్టేసుకుంటారు అని తేల్చేస్తారు. మనం పట్టుకోం. ఈలోగా పక్కన ఇంకో పాట బొమ్మ కనిపిస్తుంది, వేలు దాని మీదకి పోతుంది. ఇందులో వాళ్ల తప్పు సగం, నా తప్పు సగం.

స్మోక్ ఆన్ ద వాటర్ సంగతి చెప్పాలి. గిటార్ పట్టుకున్న ప్రతివాడూ మొదట వాయించేది అదే. 1971 డిసెంబర్‌లో స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో కేసినో తగలబడిపోవడం కళ్లారా చూసి డీప్ పర్పుల్ బ్యాండ్ వాళ్లు కట్టిన పాట. నేను చూసిన మొదటి వీడియోలో ఒకే తీగ మీద 0, 3, 5 అని, అంటే ఖాళీ తీగ, మూడో ఫ్రెట్ (మెట్టు), ఐదో ఫ్రెట్ అని నేర్పారు. రెండో వీడియోలో పిక్‌తో, అంటే తీగ మీటే చిన్న బిళ్లతో, పవర్ కార్డ్‌లు (రెండు స్వరాల కార్డ్‌లు) అన్నారు. రెండేళ్లు అలాగే వాయించి, ఎందుకో రికార్డులో ఉన్నట్టు లేదే అనుకునేవాణ్ణి. ఒక రోజు పాత కచేరీ వీడియోలో ఆ బ్యాండ్ గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ కుడిచెయ్యి చూస్తే అసలు పిక్ వాడటం లేదు, మూడో తీగ, నాలుగో తీగ రెండింటినీ వేళ్లతో ఒకేసారి గిల్లుతున్నాడు. అంతే తేడా. రెండు తీగలూ ఒక్కసారే మోగాలి, పిక్‌తో గీస్తే ఒకదాని తర్వాత ఒకటి మోగుతాయి. ఐదు నిమిషాల్లో సరైపోయింది. అప్పటి నుంచి ఏ పాఠం మొదలుపెట్టినా ముందు అసలు మనిషి వాయిస్తున్న పాత వీడియో ఒకటి వెతికి చూస్తున్నా.

శ్రుతి విషయంలో ఇంకో వారం పోయింది. స్వీట్ చైల్డ్ ఓ మైన్ పాఠం పూర్తి చేసి, రికార్డు పెట్టి దానితో పాటు వాయిస్తే చెవులు మూసుకోవాలనిపించింది. గిటార్ పాడైందనుకున్నా, ట్యూనర్ పాడైందనుకున్నా, చివరికి నా చెవే పాడైందనుకున్నా. సంగతేంటంటే ఆ రికార్డులో గిటార్లన్నీ మామూలు కంటే అర స్వరం కిందికి దించి ఉంటాయి. గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ పాటలు చాలావాటికీ అంతే. నేను చూసిన పాఠంలో ఆ ముక్క చెప్పలేదు. చెప్పకపోయినా వీడియోలో అసలు పాట వినిపిస్తే తేడా తెలిసిపోయేది, కానీ కాపీరైట్ గొడవ వల్ల పాఠాల్లో అసలు రికార్డు దాదాపు వినిపించరు. అందుకని గురువు ఒక్కడే, పక్కన డ్రమ్స్ లేకుండా, నిశ్శబ్దంగా ఉన్న గదిలో వాయిస్తుంటాడు. అలా నేర్చుకున్న పాట అలాంటి గదిలోనే బాగుంటుంది. ఆ కాపీరైట్ పుణ్యమా అని నేను దాచుకున్న ప్లేలిస్టులో కొన్ని పాఠాలు మాయమైపోయాయి కూడా. బాగా నచ్చింది ఏదైనా ఉంటే చూస్తూ కాగితం మీద రాసిపెట్టుకోండి.

టాబ్‌ల గురించి కూడా, అంటే ఏ తీగని ఏ ఫ్రెట్‌లో నొక్కాలో గీతల మీద అంకెలతో రాసేవి. జనం రాసి పెట్టినవాటిలో తప్పులు కొల్లలు. పైగా టాబ్‌లో అన్నిటికంటే పై గీత సన్న తీగది, చేతిలో గిటార్ ఉన్నప్పుడు సన్న తీగ కింద ఉంటుంది, ఈ తలకిందులు వ్యవహారం అలవాటు కావడానికి నాకు నెల పట్టింది.

ఇక అసలు దెబ్బ తగిలింది సోలోల దగ్గర, అంటే గిటార్ ఒక్కటే ముందుకొచ్చి మోగే ముక్కల దగ్గర. పింక్ ఫ్లాయిడ్ వాళ్ల కంఫర్టబ్లీ నంబ్‌లో డేవిడ్ గిల్మర్ వాయించే రెండో సోలో నేర్చుకోవాలని మహా ఆశ. వీడియోలో ఆయన తీగని అవలీలగా పైకి తోస్తున్నాడు, నేను తోస్తే వేలు తెగింది కానీ స్వరం కదల్లేదు. ఆరు వారాలు కుస్తీ పట్టాక తెలిసింది, ఆయనది ఎలక్ట్రిక్, తీగలు తొమ్మిదో పదో నంబర్వి, అంటే సన్నవి. నా అకౌస్టిక్‌కి ఉన్నవి పన్నెండు నంబర్ తీగలు, పైగా మూడో తీగకి చుట్టు ఉంటుంది, అది వంగమంటే ఎలా వంగుతుంది! ఏ గిటార్‌తో అన్నది పాఠం మొదట్లో ఒక్క ముక్క చెప్తే వాళ్ల సొమ్మేం పోయింది? సెకండ్ హ్యాండ్‌లో ఒక ఎలక్ట్రిక్ కొన్నాను. తీగ వంగింది. అయినా పాట రాలేదు. ఎక్కడో ఏదో తప్పుతోంది, అదేంటో తెరలో ఉన్నాయనకి కనబడదు కదా.

కనిపెట్టింది మా మేనత్త. విజయనగరంలో ఉంటారు, చాలామంది పిల్లలకి వీణ నేర్పారు, బొబ్బిలి వీణ, పనస చెక్కది. 2023 వేసవిలో మా ఇంట్లో పది రోజులున్నారు. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ప్రాక్టీస్ చేస్తుంటే కుర్చీ లాక్కుని కూర్చుని "ఆ చెవుల్లోవి తీసి పైకి వినిపించరా" అన్నారు. మైనర్ పెంటాటోనిక్ బాక్స్ అని ఒక ఐదు స్వరాల వరస, మూడేళ్లుగా పైకీ కిందికీ పాకుతున్నదే వాయించాను.

"ఇది శుద్ధ ధన్యాసి కదరా" అన్నారు. "స గ మ ప ని. బాగుంది. నీ షడ్జం ఎక్కడుంది?"

నాకు నోట మాట రాలేదు. ఆ బాక్సు నాకు చుక్కల బొమ్మగా తెలుసు, ఏ తీగ మీద ఏ ఫ్రెట్టో కళ్లు మూసుకుని చెప్తాను, కానీ అందులో ఏ చుక్క షడ్జమో వెతుక్కోవాల్సి వచ్చింది. మూడేళ్లలో ఎన్ని వీడియోలు చూశానో. ఆ చుక్కకి వేరే రంగు వేసి చూపించినవాళ్లు ఉన్నారు, నేనే పట్టించుకోలేదు. అత్త ఇంకేం అనలేదు, "ముందు స దగ్గర ఆగడం నేర్చుకో, తర్వాత తిరుగుదువు గాని" అన్నారు.

తీగ లాగడం కూడా ఆవిడే సరిచేశారు. వీణలో గమకానికి తీగని మెట్టు మీదే పక్కకి లాగుతారు, గిటార్‌లో బెండ్ అంటే అచ్చం అదే పని. "మధ్యమం మీద వేలు పెట్టు. లాగకు. పంచమం గొంతుతో పాడు. పాడావా? ఇప్పుడు అక్కడిదాకా లాగు." నాకు గొంతు లేదు అత్తా అంటే "చెవి ఉందిగా" అన్నారు. నేను అన్నాళ్లూ వీడియోలో వేలు ఎంత దూరం జరుగుతుందో కళ్లతో కొలిచి అంతే జరుపుతున్నా, అందుకే ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ. పాడి లాగడం మొదలుపెట్టిన మూడో రోజుకి స్వరం కుదిరింది. వెళ్లేముందు ఇంకో మాట అన్నారు: "ఆ ఎడమ భుజం ఎందుకురా చెవి దాకా ఎత్తుతావు? నీకు నేర్పే అబ్బాయి చెప్పలేదా?" రెండేళ్లుగా మణికట్టు నొప్పి అని ఆయింట్‌మెంట్ రాసుకుంటున్నా. భుజం దించాక నెలకి ఆ నొప్పి చాలావరకు తగ్గింది.

అందుకే, మాస్టారి దగ్గరికి వెళ్లే వీలు లేకపోయినా, మూడు నెలలకోసారి సంగీతం తెలిసిన ఎవరో ఒకరి ముందు కూర్చుని వాయించండి. వాళ్లకి గిటార్ రానక్కర్లేదు.

డబ్బు కట్టిన యాప్ గురించి రెండు మాటల్లో ముగిస్తా, పేరెందుకు. ఫోన్ మైకుతో మనం వాయించేది విని మార్కులు వేస్తుంది. మొదటి వారం భలే సరదా. ఒక రోజు మా పాప పక్కన కూర్చుని కూనిరాగం తీస్తే దానికీ మార్కులు వేసింది. నిజంగా లయ తప్పిన చోట మాత్రం శభాష్ అంది. వాడటం మానేశాక ఏడాది చందా దానంతట అదే మళ్లీ కట్ అయింది, వెనక్కి తెచ్చుకోవడానికి పద్దెనిమిది మెయిళ్లు రాశాను, సగం వచ్చింది. కడితే ఆటో రెన్యువల్ ఆ రోజే ఆపేయండి.

ఉచితమైన యూట్యూబ్ వీడియోలోనే ఉన్న సదుపాయాలు నాకు ఎక్కువ పనికొచ్చాయి. వేగం 0.75కి, ఇంకా కష్టమైతే 0.5కి తగ్గించినా శ్రుతి మారదు, అది పెద్ద వరం. మా నాన్నగారి రోజుల్లో క్యాసెట్ నెమ్మదిగా తిప్పితే గొంతు కూడా బొంగురుపోయేది. ఆపి ఉన్నప్పుడు కామా, ఫుల్‌స్టాప్ కీలు నొక్కితే ఒక్కో ఫ్రేమ్ చొప్పున కదులుతుంది, వేళ్లు ఎక్కడ పడుతున్నాయో చూడటానికి బాగుంటుంది. చిక్కల్లా రెండు చేతులూ గిటార్ మీద ఉండటమే. నేను పాత కీబోర్డు నేల మీద పెట్టి కాలి బొటనవేలితో స్పేస్‌బార్ నొక్కుతున్నా. మా ఆవిడ చూసి దణ్ణం పెట్టింది.

ఇక ఆ మూడున్నర పాటలు. నాకిన్ ఆన్ హెవెన్స్ డోర్, అది రాకపోతే సిగ్గుచేటు, నాలుగే కార్డ్‌లు. హౌస్ ఆఫ్ ద రైజింగ్ సన్, ఇందులో ఎఫ్ కార్డ్ ఒక్కటే పీడ, నడక మాత్రం తకిట తకిట అని లెక్క పెట్టుకుంటే చక్కగా సాగుతుంది. విష్ యూ వర్ హియర్, ఇది నాకు అన్నిటికంటే ఇష్టం. మొదట్లో వచ్చే భాగంలో ఉంగరం వేలు, చిటికెన వేలు రెండూ కింది రెండు తీగల మీద మూడో ఫ్రెట్‌లో మేకు కొట్టినట్టు ఉంచి, మిగతా రెండు వేళ్లే కదపాలి. అక్కడ చాలా కార్డ్‌లు మారినట్టు వినిపిస్తుంది కానీ చెయ్యి దాదాపు కదలదు. కొత్తవాళ్లకి మొదటి పూర్తి పాటగా ఇదే చెప్తా. స్టెయిర్‌వే మాత్రం మెట్రోనోమ్ (ఒకే వేగంలో టిక్ టిక్ అనేది) పెట్టుకుని నేర్చుకోబోకండి, పాట పోనుపోను వేగం పెరుగుతుంది. రికార్డుతో పాటే వాయించాలి, డ్రమ్స్ వచ్చేదే నాలుగు నిమిషాలు దాటాక. నేనింకా అక్కడిదాకా పోలేదు.

అర పాట హోటల్ కాలిఫోర్నియా. ఏడో ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ ఒకేసారి అదిమిపట్టే క్లిప్పు) పెడితే బి మైనర్ కాస్తా ఈ మైనర్ ఆకారంలోకి వస్తుంది, మొదట్లో వచ్చే ఆ మీటు కూడా అలా వాయించిందే. కార్డ్‌లు, పాట మొత్తం వచ్చేశాయి. కేపో తీసి ఎలక్ట్రిక్ మీద సోలో కూడా నత్తనడకన వస్తోంది, 0.6 వేగంలో. కాకపోతే చివర్లో ఈగల్స్ బ్యాండ్ గిటారిస్టులు డాన్ ఫెల్డర్, జో వాల్ష్ ఇద్దరూ జంటగా వాయించే భాగం ఒకటుంది, దానికి రెండో గిటార్ లేకపోతే అది ఎప్పటికీ సగమే. తమ్ముణ్ణి అడిగితే నాకు టైమ్ లేదన్నాడు. మా పాపకి తొమ్మిదేళ్లు, ప్రస్తుతం కీబోర్డు నేర్చుకుంటోంది. దాన్ని అడిగాను. "ఎన్ని నిమిషాల పాట నాన్నా?" అంది. ఆరున్నర అన్నాను. ఆలోచించి చెప్తానంది.