ఇడ్లీ, పెసరట్టు, చోడి అంబలి: విశాఖ ఉక్కలో పొద్దుటి టిఫిన్‌కి ఏది మేలు?

పప్పు నానబెట్టలేదని రాత్రి పదింటికి గుర్తొస్తే, మర్నాటికి ఇడ్లీ ఆశ వదులుకోవాల్సిందే. పెసలకి ఇంకా టైముంది. ఇడ్లీ, పెసరట్టు, చోడి (అంటే రాగి) అంబలి, ఈ మూడింట్లో ఏది మేలంటే అందరూ పోషకాల లెక్కతో మొదలుపెడతారు గానీ, వంటింట్లో ముందు తేలాల్సినవి వేరు. ఎప్పుడు నానాలి, ఎంతసేపు పులవాలి, ఆఫీసు టైముకి పొయ్యి దగ్గర ఎవరు నిలబడాలి? విశాఖలో వీటికి తోడు సముద్రపు తేమ ఒకటి.

ఇడ్లీ సంగతి చూద్దాం. 200 గ్రాముల మినపగుళ్ళకి 400 గ్రాముల ఇడ్లీ రవ్వ పడితే 35 నుంచి 40 చిన్న ఇడ్లీలు వస్తాయి. పప్పు నాలుగు గంటలు నానితే చాలు. రవ్వని మూడు నాలుగు సార్లు కడిగి విడిగా నానబెట్టి, కలిపే ముందు గుప్పిట్లో గట్టిగా పిండాలి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. పిండని రవ్వ వేస్తే పిండి పలచబడుతుంది. పలచని పిండిలో పులిసేటప్పుడు పుట్టిన గాలి నిలవదు, ఇడ్లీ బిళ్ళలా అణిగిపోతుంది. అప్పుడు తప్పు పప్పు మీదకి పోతుంది, పాపం. పప్పు సరిగ్గా నలిగిందో లేదో చూడాలంటే, గిన్నెడు నీళ్ళలో చిటికెడు పిండి వేయండి. తేలితే సరే, మునిగితే ఇంకా తిప్పాలి. మిక్సీలో రుబ్బేవాళ్ళు ఐసు నీళ్ళు వాడి, మధ్యమధ్య ఆపాలి. జారు వేడెక్కితే పిండి సరిగ్గా పొంగదు.

మే నెలలో ఇక్కడ రాత్రిపూట కూడా 27, 28 డిగ్రీలు ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి రుబ్బి గట్టు మీద పెడితే తెల్లవారుజామున నాలుగింటికే పొంగి, ఏడింటికల్లా పుల్లటి వాసన కొడుతుంది. ఆ నెలల్లో సాయంత్రం అయిదింటికి రుబ్బి, ఉప్పు అప్పుడే కలిపి, పదింటికి ఫ్రిజ్‌లోకి తోసేయడం మేలు. ముందే పడిన ఉప్పు పులుపుని కాస్త నెమ్మదింపజేస్తుంది. డిసెంబరు, జనవరిలో దీనికి తలకిందులు. పది, పన్నెండు గంటలు పడుతుంది, ఉప్పు పొద్దున్నే కలపాలి. నీళ్ళు మరిగాకే రేకులు దించాలి, 10 నుంచి 12 నిమిషాలు ఆవిరి పట్టాలి. దింపాక మూడు నిమిషాలు ఆగి తడి స్పూనుతో తీస్తే రేకుకి అంటుకోదు.

ఇడ్లీ తేలిక తిండే. బరువంతా పక్కన గిన్నెలో ఉంటుంది. నలభై గ్రాముల వేరుశనగ గుళ్ళలో సుమారు 225 కేలరీలు ఉంటాయి. నాలుగు చిన్న ఇడ్లీలు కూడా ఇంచుమించు అంతే. అంటే గుళ్ళ చట్నీ ధారాళంగా వేసుకుంటే తేలిక టిఫిన్ కాస్తా రెండింతలు అవుతుంది. ఇంట్లో చేసుకునేటప్పుడు కందిపప్పు పలచగా కాచిన సాంబారో, బీరపొట్టు పచ్చడో పెట్టుకుంటే ఆ ఇడ్లీకి ఉన్న పేరు నిలుస్తుంది.

పెసరట్టుకి పులవడం అనే బెంగే లేదు, అందుకే ఉక్క ఊళ్ళకి ఇది అన్నింటికన్నా నమ్మకమైన టిఫిన్. పొట్టుతో ఉన్న పెసలు 200 గ్రాములు, బియ్యం రెండు పెద్ద చెంచాలు కలిపి ఆరు గంటలు నానబెట్టండి. పడుకునే ముందు వేస్తే లేచేసరికి సిద్ధం. ఎండాకాలం ఎనిమిది గంటలు దాటనివ్వొద్దు, నీళ్ళకి వాసన వచ్చి అట్టు కరకరలాడదు. అంగుళం అల్లం, మూడు పచ్చిమిర్చి, చెంచా జీలకర్ర, ఉప్పు వేసి, కొద్దికొద్దిగా నీళ్ళు పోస్తూ రుబ్బాలి. వేళ్ళ మధ్య కాస్త బరక తగలాలి. వెన్నలా రుబ్బితే అట్టు సాగుతుంది, పెనానికీ పట్టుకుంటుంది.

పెనం మీద వేసేటప్పుడే అసలు తంటా. పిండి గరిటె చుట్టూ ముద్ద కట్టి, తిప్పితే పెనం వదిలి గరిటెతోనే వచ్చేస్తోందా? పెనం మరీ కాగిపోయింది. పిండి తగలగానే గట్టిపడితే ఇక పరచడానికి ఏముంటుంది? నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించి, చుయ్ మని ఆరాక, సగం కోసిన ఉల్లిపాయతో పెనం తుడిచి, మంట తగ్గించి గరిటెడు పిండి మధ్యలో పోసి లోపలి నుంచి బయటకి తిప్పండి. పరిచాక మంట పెంచి, అంచుల వెంట చెంచాడు నూనె. అంచు తనంతట తానే లేస్తే అట్టు కాలినట్టు. పలచగా వేసినదాన్ని తిరగెయ్యక్కర్లేదు. ఉల్లిముక్కలు సన్నగా తరగాలి, పెద్ద ముక్క ఉన్నచోటే అట్టు చిరుగుతుంది.

ఆ 200 గ్రాముల పెసలతో ఎనిమిది అట్లు వస్తే, ఒక్కోదాంట్లో అయిదారు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఇడ్లీకి రెండు గ్రాములే. మూడు ఇడ్లీలకి ఒక అట్టు సమానం అన్నమాట. పదింటికే ఆకలేసేవాళ్ళకి రెండు పెసరట్లు ఒంటిగంట దాకా నిలబెడతాయి. అయితే మధ్యలో ఉప్మా కూరితే లెక్క మారిపోతుంది, అది టిఫిన్ కాదు, భోజనం. అల్లం పచ్చడిలో బెల్లం ఎంత పడుతుందో కూడా గమనించుకోవాలి. కడుపుబ్బరం ఉన్నవాళ్ళు నానిన పెసల్ని గుడ్డలో కట్టి, చిన్న మొలక వచ్చాక రుబ్బుకుంటే సులువుగా అరుగుతుంది. మొలకలకి నీళ్ళు తక్కువ పోయాలి.

బయట రాగి అనేదాన్ని మనవైపు చోడి అంటాం. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక దీనికి కొత్త మోజు వచ్చింది గానీ, ఉత్తరాంధ్ర ఇళ్ళల్లో అంబలి ఎప్పటి నుంచో ఉన్నదే. నాలుగు పెద్ద చెంచాల పిండిని గ్లాసుడు చల్లటి నీళ్ళలో కలిపి రాత్రంతా మూతపెట్టాలి. పొద్దున మూడు గ్లాసుల నీళ్ళు మరిగించి, ఆ పిండినీళ్ళు సన్నధారగా పోస్తూ కలుపుతుండాలి. పొడి పిండి నేరుగా వేడినీళ్ళలో వేస్తే పైపొర ఉడికి, లోపల పొడి అలాగే ఉండి ఉండలు కడుతుంది. ఎనిమిది, పది నిమిషాలకి పచ్చివాసన పోయి నిగనిగలాడుతుంది. చల్లారాక గ్లాసు మజ్జిగ, ఉప్పు, ఉల్లిముక్కలు. కాచిన అంబలిని రాత్రంతా బయట పులియబెట్టే పద్ధతీ ఉంది. చలికాలం అది బాగానే ఉంటుంది, మే నెలలో మాత్రం వద్దు.

వంద గ్రాముల చోళ్ళలో 350 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది, ఆవుపాలలో ఉండేదానికి దాదాపు మూడింతలు. బరువుకి బరువు చూస్తే ఆ విషయంలో మినుములు, పెసలు దీని దరిదాపుల్లోకి రావు. కానీ, షుగరుకి అంబలి మందు అని చెప్పుకునే మాట నమ్మకండి. మెత్తగా విసిరిన పిండిని పలచగా కాచి గటగటా తాగితే అది వేగంగా అరిగి రక్తంలో చక్కెర త్వరగానే పెంచుతుంది. బెల్లం వేసిన మాల్ట్ అయితే మరీను. అనుమానం ఉంటే తాగిన రెండు గంటలకి గ్లూకోమీటరుతో చూసుకోండి, అదే చెబుతుంది. ఒక గ్లాసులో పిండి పడేది కూడా పదిహేను గ్రాములే. బీచ్ రోడ్డులో నడిచొచ్చాక దాహానికి చాలు, ఆకలికి చాలదు. పక్కన గుడ్డో, గుప్పెడు ఉడికించిన శనగలో ఉండాలి.

కాబట్టి రోజువారీకి మా ఓటు పెసరట్టుకే, షుగరు ఉన్న ఇంట్లో అయితే మరీ. జ్వరం తగ్గినవాళ్ళకి, పళ్ళు లేని పెద్దలకి, ఏడాది దాటిన పిల్లలకి ఇడ్లీని మించింది లేదు. ఇంట్లో ఆరుగురు ఉండి అందరూ ఒకేసారి తినాలన్నా ఇడ్లీయే. పెసరట్టు వేసే మనిషి అందరి తరవాతే తినాలి, పైగా చల్లారినది. అంబలి ఏప్రిల్ నుంచి జూన్ దాకా పదకొండింటికి తాగేదిగా పెట్టుకోండి. పిండి ప్యాకెట్టు కన్నా చోళ్ళు కొని కడిగి ఎండబెట్టి మర పట్టించడం మేలు. ఈ తేమకి పిండి నెల దాటితే ముక్కిన వాసన వస్తుంది, పురుగూ పడుతుంది. రెండు వారాలకి సరిపడా పట్టించుకోండి.

ఇక స్కూలు బాక్సు. పెసరట్టు మూతపడిన గంటకి తోలులా సాగుతుంది, దాన్ని బాక్సులో పెట్టకండి. ఇడ్లీ అయినా వేడిగా మూత బిగిస్తే ఆవిరి నీరై కారి అడుగు ఇడ్లీలు ముద్దవుతాయి. అయిదు నిమిషాలు ఆరనిచ్చి, మీద కాస్త నెయ్యి, కారప్పొడి రాసి అప్పుడు మూతపెట్టాలి. కొబ్బరి చట్నీ మాత్రం ఈ వేడికి మధ్యాహ్నం దాకా ఆగదు.