ఆరేళ్లుగా వాడుతున్న నా యూ కర్ర లాంగ్‌బో: ఏం మిగిలింది, ఏం అరిగింది

యూ అనే చెట్టు కర్రతో చేసిన ఈ పొడవాటి విల్లుతో మొదటి బాణం వదిలింది 2019 ఏప్రిల్‌లో. లాక్‌డౌన్‌లో గోడకు ఉన్న నెలలు తీసేస్తే, అప్పటి నుంచి వారానికి రెండు రోజులు, రోజుకి యాభై అరవై బాణాల చొప్పున వాడుతూనే ఉన్నాను. కొన్న విల్లు కాదు, నా చేత్తో చెక్కుకున్నది. అందుకే విల్లు ఎలా ఉందో చెప్పాలంటే అది ఎలా తయారైందో కూడా చెప్పాలి. ఆరేళ్లలో దానికి వచ్చిన ప్రతి జబ్బుకీ మూలం చెక్కిన రోజుల్లోనే ఉంది.

మేం ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఉంటాం. పోర్ట్స్‌మత్‌లోని మేరీ రోజ్ మ్యూజియం చూశాకే నాకీ పిచ్చి పట్టింది. 8వ హెన్రీ కాలంనాటి ఆ యుద్ధనౌక 1545 జూలై 19న మునిగింది. 1982 అక్టోబరులో దాన్ని పైకి తీశారు. అందులో 172 లాంగ్‌బోలు దొరికాయి. నాలుగు వందల ఏళ్లకు పైగా సముద్రపు బురదలో ఉన్న కర్ర మీద ఉలి గుర్తులు ఇంకా కనిపిస్తుంటే చాలాసేపు అక్కడి నుంచి కదల్లేకపోయాను. ఒక్కొక్కటీ మనిషి కంటే పొడుగు. వాటిలో చాలావాటిని లాగడానికి వంద పౌండ్ల పైన బలం కావాలి. నాది 28 అంగుళాలు లాగితే 45 పౌండ్ల బలంతో మొదలైంది.

యూ కర్రలో రెండు పొరలుంటాయి. లోపల నారింజ రంగు చేవ, పైన మీగడ రంగు తెల్ల కర్ర. మన వడ్రంగులు తలుపు చేసినా మంచం చేసినా తెల్ల కర్ర చెక్కేసి చేవ మాత్రమే ఉంచుతారు. విల్లుకి రెండూ కావాలి. ఎక్కుపెట్టినప్పుడు లక్ష్యం వైపు ఉండే వీపు సాగుతుంది, మన వైపు ఉండే పొట్ట నలుగుతుంది. తెల్ల కర్ర సాగుడుకు ఓర్చుకుంటుంది, చేవ నొక్కుడుకు ఓర్చుకుంటుంది. చెట్టే సిద్ధం చేసి ఇచ్చిన ఈ జోడింపు కోసమే ఇంగ్లండ్ రాజులు విదేశాల నుంచి యూ తెప్పించుకున్నారు. 1472 చట్టం ప్రకారం ఇక్కడి రేవులకు సరుకుతో వచ్చే ఓడలు టన్నుకి నాలుగు విల్లు కర్రలు తేవాల్సి వచ్చేది.

నేను మూడేళ్లు ఆరిన స్టేవ్‌ను, అంటే విల్లు చెక్కే కర్రను, 120 పౌండ్ల డబ్బిచ్చి కొన్నాను. నేర్పిన పెద్దాయన మొదటి రోజంతా నన్ను పనిముట్టు పట్టనివ్వలేదు. కర్రని తిప్పి చూడమన్నారు, వలయాలు లెక్కపెట్టమన్నారు, ముడులన్నిటి చుట్టూ పెన్సిల్‌తో గీయమన్నారు. ముడి ఉన్నచోట చుట్టూ కాస్త కర్ర ఎక్కువ వదలాలి, నునుపు కోసం దాన్ని చెక్కేస్తే అక్కడే విరుగుతుంది. ఆ తర్వాతే గొడ్డలి, డ్రా నైఫ్, ఆకురాయి, చివర్లో స్క్రేపర్. దుమ్ముకి మాస్క్ తప్పనిసరి. యూ చెట్టులో ఎర్రటి పండు గుజ్జు తప్ప అంతా విషమే. మొదటి గంట మాస్క్ లేకుండా పనిచేసి రెండు రోజులు గొంతు మంటతో బాధపడ్డాను.

అసలు పని టిల్లరింగ్, అంటే విల్లు అంతటా సరిగ్గా వంగేలా గీకడం. విల్లుని గోడకున్న కొయ్య మీద పెట్టి, నారికి తాడు కట్టి, కప్పీ మీదుగా కొద్దికొద్దిగా లాగుతూ దూరంగా నిలబడి వంపు చూడాలి. ఎక్కడ బిగుసుకుని ఉందో అక్కడ పొట్ట వైపు పది పన్నెండు సార్లు గీకాలి. తర్వాత ముప్ఫై సార్లు లాగి వదలాలి, అప్పుడుగానీ కర్ర ఆ మార్పుని ఒంటబట్టించుకోదు. వీపుని మాత్రం తాకకూడదు. కింది కొమ్మ, అంటే పిడికి కింద వంగే సగం, పైదాని కంటే పిసరంత గట్టిగా ఉండాలి. ఈ పనికి నాకు నాలుగు శని ఆదివారాలు పట్టాయి. చివరి ఆదివారం చీకటి పడే వేళ, ఇంకొక్కసారి అనుకుని కింది కొమ్మ మధ్యలో ఎక్కువ గీకేశాను. వంపు బాగానే కనిపించింది. పెద్దాయన వేలితో అక్కడ తడిమి ఏమీ అనలేదు.

మొదటి రెండేళ్లు ఈ విల్లు ఇచ్చిన సంతోషం మాటల్లో పెట్టలేను. లాగుతుంటే మధ్యలో ఎక్కడా పట్టేసినట్టు ఉండదు, చివరిదాకా ఒకే తీరున బరువు పెరుగుతుంది. వదిలాక చేతికి చిన్న అదురు వస్తుంది, అది లాంగ్‌బోకి సహజం. బాణాలు కుదరడానికే ఎక్కువ టైం పట్టింది. ఈ విల్లులో బాణానికి నడిమి దారి లేదు, అది పిడి పక్కనుంచి వంగి, చుట్టుకుని, మళ్లీ సరిగా అవుతుంది. నా మొదటి డజను మరీ బిరుసువి, అన్నీ ఎడమకే పోయేవి. మెత్తటివి తెచ్చాకే 50 గజాల దగ్గర ఒకచోట పడటం మొదలైంది. 180 గజాల క్లౌట్‌కి, అంటే దూరాన నేల మీది గురికి వేసే ఆటకి, తేలిక బాణాలైతేనే అందుతుంది, ఎదురుగాలి ఉంటే అదీ లేదు.

రెండో ఏడు నారి పోగులు తెగడం గమనించాను. విల్లు చివర నారి తగిలించే, కొమ్ముతో చేసిన కొప్పులో గాడి అంచు పదునుగా ఉంది. గుండ్రటి ఆకురాయితో అంచు మొద్దుచేసి, నారికి తేనె మైనం రాసుకుంటూ వస్తే ఆ సమస్య మళ్లీ రాలేదు.

నాలుగో ఏడు మాత్రం కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. నూనె రాస్తుంటే కింది కొమ్మ పొట్ట మీద, అడ్డంగా, వెంట్రుక లాంటి గీతలు కనిపించాయి. ఇక్కడివాళ్లు వాటిని క్రిసాల్స్ అంటారు. నలుగుడుకు తట్టుకోలేక చేవ ముడతలు పడటం అది. సరిగ్గా ఆ ఆదివారం నేను ఎక్కువ గీకిన చోటే. పరిష్కారం ఒక్కటే: ఆ చోటుకి అటూ ఇటూ, పై కొమ్మంతా పల్చగా గీకి, వంపు భారాన్ని పంచడం. బరువు 45 నుంచి 41కి పడిపోయింది. లాగే కొలత కూడా 27 అంగుళాలకు తగ్గించుకున్నాను. అప్పటి నుంచి గీతలు పెరగలేదు. ప్రతి నెలా భూతద్దంతో చూస్తాను.

నారి దించాక ఇప్పుడు అంగుళంన్నర వంపు మిగిలిపోతోంది. దీన్ని సెట్ అంటారు. ఆరేళ్ల విల్లుకి ఇది మామూలే. ఆడటం అయిపోగానే నారి దించడం, గోడకి ఆనించి నిలబెట్టకుండా అడ్డంగా రెండు కొయ్యల మీద ఉంచడం, చలికాలంలో ముందు సగం సగం పదిసార్లు లాగి వేడెక్కించడం, బాణం లేకుండా ఎప్పుడూ వదలకపోవడం. ఇవి పాటించకపోయి ఉంటే ఇంకా త్వరగా చచ్చుబడేది.

విజయవాడ నుంచి మా బాబాయ్ ఫోన్లో, "జ్యోతి సురేఖ వాడేలాంటిదేనా?" అని అడిగారు. కాదు. ఆమెది కప్పీలున్న కాంపౌండ్ విల్లు, గురికి దానితో ఇది పోటీ పడలేదు. పాయింట్ల కోసం ఆడేవాళ్లకి ఇది కొనమనీ, చేసుకోమనీ చెప్పను. లోహపు విల్లుని మూలన పెట్టి మరిచిపోయినా పరవాలేదు, దీనికి పసిపిల్లలాంటి కనిపెట్టుకోవడం కావాలి. కర్ర అంటే ఇష్టం ఉండి, నాలుగు వారాలు ఓపికగా గీకగలిగేవాళ్లు తప్పకుండా చేసుకోవాలి. స్టేవ్ కొనేటప్పుడు మాత్రం ఎప్పుడు నరికారో అడగండి. రెండో విల్లుకని ఒకచోట కొన్న కర్ర బాగా ఆరిందన్నారు, తీరా చూస్తే లోపల పచ్చి. టిల్లరింగ్ మొదటి రోజే మూడు అంగుళాల సెట్ వచ్చేసింది. దాన్ని పక్కన పడేయాల్సి వచ్చింది.

ఇప్పుడు షెడ్డులో ఇంకో స్టేవ్ ఉంది. 2022లో పడిపోయిన చెట్టుది, నా కళ్లముందే చీల్చారు. రెండు చివరలకీ రంగు పూసి, బెరడుతోనే పైన అటక మీద పెట్టాను. మా అమ్మాయికి 25 పౌండ్లది కావాలట. వచ్చే వేసవిలో దాని బెరడు తీస్తాను.