బెజవాడకు పాలరాయి, టైల్స్, ఎస్‌పీసీ దిగుమతి: కిరాయి తగ్గాలంటే ఏ దారి మేలు?

ఫ్లోరింగ్ సరుకు బయటి దేశం నుంచి తెప్పించేటప్పుడు అందరూ ముందు పట్టుకునేది ఓడ కిరాయినే. ఇద్దరు ముగ్గురు ఫార్వర్డర్ల (ఓడలో జాగా మాట్లాడిపెట్టే ఏజెంట్ల) దగ్గర కొటేషన్లు తీసుకుని, తక్కువ చెప్పినవాళ్లకు పని ఇచ్చేస్తారు. తీరా సరుకు గొల్లపూడిలోనో ఆటోనగర్‌లోనో దిగేసరికి లెక్క తారుమారవుతుంది. బరువైన సరుకులో డబ్బు కారిపోయేది ఎక్కువగా సగం నిండిన కంటైనర్‌లో, రేవు నుంచి గోడౌన్ దాకా ఉన్న రోడ్డు మీద, ఖాళీ కంటైనర్ తిరిగి అప్పగించేలోపు గడిచే రోజుల్లో.

ఇరవై అడుగులా, నలభై అడుగులా?

20 అడుగుల కంటైనర్ లోపల జాగా సుమారు 33 ఘనమీటర్లు, మోసే బరువు దాదాపు 28 టన్నులు. పాలరాయి ఘనమీటరుకు 2.7 టన్నులు తూగుతుంది. అంటే పదిన్నర ఘనమీటర్ల రాయి పడేసరికి బరువు అయిపోయింది, మిగతా జాగా ఖాళీ. 40 అడుగుల కంటైనర్‌లో జాగా రెట్టింపు ఉన్నా, మోసే బరువు మాత్రం ఇంచుమించు అంతే. రాయికీ టైల్స్‌కీ 40 అడుగులది మాట్లాడుకుంటే గాలికి కిరాయి కట్టినట్టే. 8 మిల్లీమీటర్ల లామినేట్ కాస్త తేలిక. అది చదరపు మీటరు 7 కిలోలే ఉంటుంది కాబట్టి 20 అడుగుల దాంట్లో జాగా, బరువు ఇంచుమించు ఒకేసారి నిండుతాయి. దానికీ 20 అడుగులదే సరిపోతుంది.

ప్యాకింగ్ పోను నికరంగా 24.5 టన్నులు ఎక్కిందనుకుని లెక్క వేద్దాం. 18 మిల్లీమీటర్ల పాలరాయి చదరపు మీటరు 48.6 కిలోలు, కాబట్టి 5,400 చదరపు అడుగులు పడుతుంది. మీటరుకు 20 కిలోలుండే విట్రిఫైడ్ టైల్ 13,200 అడుగులు. 5 మిల్లీమీటర్ల ఎస్‌పీసీ (రాతిపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే ఫ్లోరింగ్ పలక), మీటరుకు 10 కిలోల చొప్పున, 26,400 అడుగులు. ఇక ఓడ, రేవు, రోడ్డు, దింపుడు అన్నీ కలిపి అయ్యే ఖర్చులో ప్రతి లక్ష రూపాయలకూ పాలరాయి మీద అడుగుకు రూ.18.40, టైల్ మీద రూ.7.60, ఎస్‌పీసీ మీద రూ.3.80 పడుతుంది. కంటైనర్ సగమే నింపితే ఈ అంకెలన్నీ ఇంచుమించు రెట్టింపు. కొటేషన్ మీద అయిదు వేలు తగ్గించుకుంటే పాలరాయికి అడుగుకు మిగిలేది రూపాయి కూడా లేదు. అదే 18 బదులు 16 మిల్లీమీటర్ల పలకలు తీసుకుంటే అదే బరువులో ఎనిమిదో వంతు ఎక్కువ అడుగులు వస్తాయి. కానీ పలచని పలక వెనక ఫైబర్ నెట్, రెసిన్ సరిగా లేకపోతే ఆ లాభం పలకలు విరగడంలోనే పోతుంది.

చిల్లర లోడా, నిండు కంటైనరా?

1,500 అడుగుల ఇంటికి పాలరాయి, కోతల్లో పోయే పది శాతంతో కలిపి, ఏడున్నర టన్నులు. ఇంత తక్కువ సరుకును ఒకే కంటైనర్‌లో నలుగురి సరుకుతో కలిపి, అంటే ఎల్‌సీఎల్‌లో, పంపితే చవకే కదా అనిపిస్తుంది. ఎల్‌సీఎల్‌లో ఘనమీటరు, టన్ను రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద రేటు కడతారు. క్రేట్లతో కలిపి ఆ రాయి ఆక్రమించే చోటు అయిదారు ఘనమీటర్లకు మించదు, బిల్లు మాత్రం ఏడున్నరకు పడుతుంది. పైగా ఓడ కిరాయి తక్కువ చూపించి, ఇక్కడి రేవులో డెలివరీ ఆర్డర్ (సరుకు విడుదల చేసే కాగితం), సీఎఫ్ఎస్ (రేవు దగ్గర కంటైనర్లు విప్పి సరుకు దించే యార్డు) హ్యాండ్లింగ్ పేరుతో టన్నుకింతని రాబట్టడం ఎల్‌సీఎల్‌లో మామూలే. శాంపిల్ పెట్టెలకు తప్ప ఫ్లోరింగ్‌కి ఎల్‌సీఎల్ పనికిరాదు.

ఒక్క ఇంటికైతే ఇక్కడి ఇంపోర్టర్ దగ్గర కొనడమే మేలు. నలుగురు బిల్డర్లు కలిసి తెప్పించుకోవచ్చు, కానీ బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కి ఇచ్చే దిగుమతి పత్రం) ఒక్కరి ఐఈసీ (దిగుమతి, ఎగుమతి లైసెన్సు నంబరు) మీదే ఉండాలి, మిగతావాళ్లకు ఆయనే జీఎస్టీ ఇన్వాయిస్ ఇవ్వాలి. తిరిగి అమ్మే వ్యాపారికి దిగుమతి మీద కట్టిన ఐజీఎస్టీకి క్రెడిట్ వస్తుంది. సొంతిల్లు కట్టుకునేవారికి రాదు, వాళ్లకది అసలు ధరలోనే కలిసిపోతుంది.

విశాఖా, చెన్నయా?

విజయవాడకు విశాఖ దాదాపు 350 కిలోమీటర్లు, చెన్నై 450. గుంటూరు వాళ్లకు ఈ తేడా చాలావరకు పోతుంది, విశాఖ 385, చెన్నై 415 దాకా. కాబట్టి గుంటూరు గోడౌన్‌కి విశాఖే దగ్గరన్న మాట పట్టుకుని కూర్చోనక్కర్లేదు. విజయవాడకైనా ట్రెయిలర్ రానూ పోనూ 200 కిలోమీటర్లు అదనం, లీటరుకు మూడు కిలోమీటర్ల లెక్కన 65, 70 లీటర్ల డీజిలు, ఆపైన టోల్. చెన్నై కొటేషన్ విశాఖ కంటే ఇంతకు మించి తక్కువగా ఉంటే చెన్నయ్యే తీసుకోండి. చెన్నైకి ఓడలు ఎక్కువ, షిప్పింగ్ లైన్ల (ఓడ కంపెనీల) మధ్య పోటీ ఎక్కువ. విశాఖకు కొలంబోలో ఓడ మారి వచ్చే సరుకైతే ఎన్ని రోజులు పడుతుందో ముందే అడగాలి. చెన్నై అంటే పాత రేవు ఒక్కటే కాదు. కాటుపల్లి, ఎన్నూరు నగరానికి ఉత్తరాన ఉన్నాయి, మనవైపు వచ్చే బండికి నగరంలో చిక్కుకునే బాధ ఉండదు. కృష్ణపట్నం వీటన్నిటికంటే దగ్గరే, మీ లైన్ కంటైనర్లు అక్కడ దించుతుందని రాసిస్తేనే దాన్ని లెక్కలోకి తీసుకోండి.

కంటైనర్ గుమ్మం దాకానా, రేవులోనే ఖాళీనా?

అసలు తేడా తేలేది ఇక్కడే. ప్యాకింగ్‌తో కలిపి 26 టన్నుల సరుకు, కంటైనర్ సొంత బరువు 2.3, ట్రాక్టర్ ట్రెయిలర్ 13 టన్నుల పైచిలుకు, మొత్తం 41 దాటుతుంది. వెనక రెండు యాక్సిళ్ల ట్రెయిలర్‌కి అనుమతి 39.5 టన్నులే. తక్కువ కిరాయికి ఆ బండి ఎక్కిస్తే దారిలో కాంటా దగ్గర దొరికిపోతుంది. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2,000, పైగా ఎక్కువ సరుకు అక్కడే దించాలి. 45.5 టన్నుల అనుమతి ఉన్న మూడు యాక్సిళ్ల ట్రెయిలరే మాట్లాడండి, బండి ఆర్‌సీ కాపీ ముందే తెప్పించుకోండి.

రెండో దారిలో సీఎఫ్ఎస్‌లోనే సరుకు దించి, పద్నాలుగు చక్రాల లారీ ఒక్కదాంట్లో ఎక్కించి తెస్తారు. ఖాళీ కంటైనర్ అక్కడికక్కడే లైన్‌కి అప్పగించేస్తారు, తిరుగు కిరాయి ఉండదు, డిటెన్షన్ (కంటైనర్ ఆలస్యంగా అప్పగిస్తే లైన్ వేసే రోజువారీ చార్జీ) మీటర్ ఆగిపోతుంది. బదులుగా సీఎఫ్ఎస్‌లో దింపుడు, ఎక్కుడు ఖర్చు, ఒకసారి అదనంగా చేతులు మారడం వల్ల సరుకు విరిగే నష్టం భరించాలి.

పాలరాయి పలకలకు ఈ రెండో దారే మేలు. పలకలు కంటైనర్‌లో అంచు మీద నిలబెట్టి, పది పన్నెండు చొప్పున కట్టగా ఉంటాయి. ఒక్కో పలక రెండు క్వింటాళ్ల పైమాట, కట్ట రెండు టన్నుల పైమాట. మన షాపు ముందు హైడ్రా క్రేన్ తెచ్చి నిలబెట్టినా దాని కొక్కెం కంటైనర్ కప్పు కిందికి దూరదు. అప్పుడు గొలుసు వేసి లాగుతారు, అంచులు చిట్లుతాయి. అంతకంటే ఘోరం, బెల్టు బిగించకుండానే లోపలి చెక్క ఊతకర్రలు కోసేస్తే కట్ట మనుషుల మీదకు ఒరుగుతుంది. సీఎఫ్ఎస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ ఉంటుంది. అక్కడి నుంచి ఓపెన్ లారీలో ఏ-ఫ్రేమ్ (పలకలు ఆనించే A ఆకారపు చట్రం) మీద వస్తే మన దగ్గర హైడ్రా పైనుంచి నేరుగా లేపుతుంది.

ఎస్‌పీసీకి ఇది తిరగబడుతుంది. 22 కిలోల పెట్టెలు దాదాపు 1,100, కంటైనర్ నేరుగా గోడౌన్‌కి వస్తే ఎనిమిది మంది కూలీల ముఠా ఒక్క పూటలో దించేస్తుంది, విరిగేదీ ఉండదు. టైల్స్ ప్యాలెట్ల మీద వస్తే మీ దగ్గర ఫోర్క్‌లిఫ్ట్ ఉందా లేదా అన్నదే తేలుస్తుంది. లేకపోతే ప్యాలెట్ విప్పి పెట్టెలు మోయించాలి, మూలలు పోయేది అప్పుడే.

ఖాళీ కంటైనర్ తిరుగు కిరాయి తగ్గించే ఉపాయం ఒకటుంది. చీమకుర్తి గ్రానైట్ ఎగుమతికి కావలసిందీ 20 అడుగుల పెట్టే. అదే షిప్పింగ్ లైన్‌లో బుకింగ్ ఉన్న ఎగుమతిదారు దొరికి, లైన్ రాతపూర్వకంగా ఒప్పుకుంటే మీ ఖాళీ పెట్టె నేరుగా అక్కడికే పోతుంది. ప్రతిసారీ కుదరదు, అడిగితే పోయేదేమీ లేదు.

ఎఫ్ఓబీనా, సీఐఎఫ్ఫా?

మొదటిసారి తెప్పించేవాళ్లకు ఎఫ్ఓబీ, అంటే ఓడ కిరాయి, బీమా కొనేవాడే చూసుకునే పద్ధతి, మేలు. కిరాయి, బీమా ధరలోనే కలిపే సీఐఎఫ్‌లో ఓడను ఎంచుకునేది అమ్మేవాడు, రేవులో లోకల్ చార్జీలు వేసేది ఆయన ఏజెంటు, మీకు బేరమాడే వీలుండదు. పైగా ఇన్‌కోటర్మ్స్ 2020 (అంతర్జాతీయ అమ్మకాల నిబంధనలు) ప్రకారం సీఐఎఫ్‌లో అమ్మేవాడు కనీస బీమా, అంటే క్లాజ్ సీ, చేయిస్తే చాలు. మోసేటప్పుడు పలక విరిగితే అందులో పైసా రాదు. ఎఫ్ఓబీ తీసుకుని, దాదాపు అన్ని నష్టాలకూ వర్తించే క్లాజ్ ఏ బీమా మీరే చేయించుకోండి. ఓడ కిరాయి బిల్లు మాత్రం జాగ్రత్త చేయాలి. అసలు కిరాయి తేలకపోతే కస్టమ్స్ వాళ్లు ఎఫ్ఓబీ విలువకు 20 శాతం కలిపి దాని మీద సుంకం వేస్తారు.

బుకింగ్‌కి ముందే 14 ఫ్రీ రోజులు (కంటైనర్‌ని డిటెన్షన్ లేకుండా ఉంచుకునే గడువు) రాయించుకోండి, ఓడ కదిలాక అడిగితే ఎవరూ ఇవ్వరు. కంటైనర్ గుమ్మం దాకా తెస్తే క్లియరెన్స్‌కి మూడు, దారికి రెండు, దింపుడుకి ఒకటి, తిరుగుకి రెండు, ఎనిమిది రోజులు ఇట్టే గడిచిపోతాయి. బిల్ ఆఫ్ ఎంట్రీ ఓడ రావడానికి 30 రోజుల ముందు నుంచే వేయొచ్చు. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు 5,000, ఆ తర్వాత 10,000. క్రేట్ల చెక్క మీద, పురుగు లేకుండా శుద్ధి చేశారని తెలిపే ఐఎస్‌పీఎం-15 ముద్ర ఉందో లేదో ఎక్కించేటప్పుడే ఫొటో తెప్పించుకుని చూడండి. ముద్ర లేకపోతే క్వారంటైన్‌లో సరుకు ఆగిపోతుంది, ఫ్రీ రోజులు మాత్రం ఆగవు. జనవరి రెండో వారంలో సరుకు దిగేలా అస్సలు పెట్టుకోకండి. సంక్రాంతికి ముఠా మొత్తం ఊళ్లకు పోతుంది, డ్రైవర్లూ పోతారు, ట్రెయిలర్ మీ గేటు ముందే నాలుగు రోజులు నిలబడుతుంది.